కొలరాడోలో తోడేళ్ల పునఃప్రవేశాన్ని వేటగాళ్లు ఎందుకు వ్యతిరేకిస్తున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం తోడేళ్లను మళ్లీ తన కొండల్లోకి తెచ్చుకుంది. ఆ నిర్ణయంపై మొదలైన వివాదం మాత్రం ఇంకా చల్లారలేదు. పశువుల పెంపకందారుల అభ్యంతరం ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే చచ్చిన దూడ కళ్లెదుటే పడి ఉంటుంది. వేటగాళ్ల అభ్యంతరం అంత తేలికగా అంతుపట్టదు. అడవి జంతువును చంపేవారికి, అదే పని చేసే మరో జంతువు మీద ఫిర్యాదు ఏమిటని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకూ, దాని చుట్టూ అల్లుకున్న మరికొన్ని ప్రశ్నలకూ ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

అసలు కొలరాడోలో ఏ నిర్ణయం జరిగింది?

2020 నవంబరులో అధ్యక్ష ఎన్నికతో పాటు ‘ప్రపోజిషన్ 114’ అనే ప్రతిపాదన మీద కూడా కొలరాడో ప్రజలు ఓటు వేశారు. రాకీ పర్వతాల నీటి విభజన రేఖకు పడమటి వైపున, 2023 డిసెంబరు 31లోగా, బూడిద రంగు తోడేళ్లను వదలడం మొదలుపెట్టాలని ఆ ప్రతిపాదన రాష్ట్ర వన్యప్రాణి కమిషన్‌ను ఆదేశించింది. అది 50.9 శాతం ఓట్లతో, అంటే పోలైన 31 లక్షల పైచిలుకు ఓట్లలో సుమారు 57 వేల ఆధిక్యంతో గట్టెక్కింది.

గడువుకు రెండు వారాల ముందు, 2023 డిసెంబరు 18న, ఆరెగాన్ రాష్ట్రం నుంచి తెచ్చిన ఐదు తోడేళ్లను గ్రాండ్ కౌంటీలో వదిలారు. కొద్ది రోజుల్లోనే వాటి సంఖ్య పదికి చేరింది. 2025 జనవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి మరో 15 తోడేళ్లను తెచ్చి ఈగిల్, పిట్కిన్ కౌంటీల్లో వదిలారు. మూడు నుంచి ఐదేళ్లలో మొత్తం 30 నుంచి 50 తోడేళ్లను వదలాలన్నది 2023 మే నెలలో కమిషన్ ఆమోదించిన ప్రణాళిక.

ఆ రాష్ట్రంలో తోడేళ్లు ఎలా అంతరించాయి?

మనుషులే పనిగట్టుకుని అంతం చేశారు. తోలు, మాంసాల వ్యాపారం కోసం బైసన్ అనే అడవి దున్నలను, ఎల్క్ అనే పెద్ద జింకలను, ఇతర జింకలను విచక్షణ లేకుండా వేటాడిన తరువాత తోడేళ్లు పశువుల మీద పడ్డాయి. దానితో ప్రభుత్వమే బహుమతులు ప్రకటించి, విషం పెట్టించి, ఉచ్చులు వేయించి వాటిని తుడిచిపెట్టింది. 1940ల నాటికి కొలరాడోలో స్థానిక తోడేలు లేకుండా పోయింది.

ఈ చరిత్రలో సాధారణంగా మరచిపోయే సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు వేటగాళ్లు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఆ ఎల్క్ కూడా 20వ శతాబ్దం తొలినాళ్లకు కొలరాడోలో దాదాపు అంతరించే దశకు వచ్చింది. యెల్లోస్టోన్ జాతీయ పార్కు ప్రాంతం నుంచి తెచ్చి మళ్లీ వదిలితేనే అది ఇక్కడ కోలుకుంది. మూస్ అనే భారీ దుప్పిని 1978లో రాష్ట్ర వన్యప్రాణి విభాగమే నార్త్ పార్క్ ప్రాంతంలోకి తెచ్చింది. లింక్స్ అనే అడవి పిల్లిని 1999లో శాన్ హువాన్ పర్వతాల్లో వదిలారు. కాబట్టి జంతువులను తెచ్చి వదలడమన్నదే వేటగాళ్లకు గిట్టదని అనుకుంటే పొరపాటు. వారి అభ్యంతరం ఈ జంతువు మీద, దానిని తెచ్చిన పద్ధతి మీద.

మన దేశంలో వేట నేరం. అక్కడ వేటగాళ్ల మాటకు అంత విలువ ఎందుకు?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగిన తెలుగు పాఠకులకు ఈ సందేహం రావడం సహజమే. అమెరికాలో ఏర్పాటు పూర్తిగా వేరు. అక్కడ వన్యప్రాణులు రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తి, వాటి నిర్వహణ రాష్ట్ర ప్రభుత్వానిది, ఆ నిర్వహణకు అయ్యే ఖర్చులో పెద్ద వాటా వేట, చేపల లైసెన్సుల రుసుముల నుంచి వస్తుంది. దీనికి తోడు 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే కేంద్ర పన్ను కూడా రాష్ట్రాల వన్యప్రాణి విభాగాలకే చేరుతుంది.

కొలరాడోలో ఈ లెక్క మరీ పెద్దది. ఉత్తర అమెరికాలోని ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు అక్కడ ఉన్నాయి. పెద్ద మగది 300 కిలోలు దాటే ఈ జింక కోసం ఏటా సుమారు రెండు లక్షల మంది వేటకు వస్తారు. బయటి రాష్ట్రాలవారికి ఒక ఎల్క్ లైసెన్సు ధర 700 డాలర్లు దాటింది. ఎల్క్‌ల సంఖ్య తగ్గితే లైసెన్సులు తగ్గుతాయి, లైసెన్సులు తగ్గితే వన్యప్రాణి విభాగం ఆదాయం తగ్గుతుంది, దాని మీద ఆధారపడి బతికే క్రెయిగ్, మీకర్, క్రెమ్లింగ్ వంటి చిన్న ఊళ్ల హోటళ్లు, మాంసం కోసి ప్యాక్ చేసే దుకాణాలు, వేటకు దారి చూపే గైడ్లు అందరూ దెబ్బతింటారు. వేటగాళ్లు తమను అడవికి అతిథులుగా భావించరు. పోషకులుగా భావిస్తారు. వారి కోపం సగం అక్కడి నుంచే వస్తుంది.

వారి ప్రధాన అభ్యంతరం ఏమిటి?

పైకి వినిపించేది ఎల్క్‌ల గురించి. తోడేళ్లు పెరిగితే ఎల్క్‌లు, మ్యూల్ డీర్ అనే జింకలు తగ్గిపోతాయని, వేటకు మిగిలేవి ఉండవని వారు అంటారు. రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్, సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ వంటి సంస్థలు 2020లో ప్రతిపాదనను వ్యతిరేకించినప్పుడు ఈ మాటకే ఎక్కువ ప్రచారం వచ్చింది.

అయితే వారి వాదనలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఎల్క్‌ల లెక్క కంటే బలమైన అభ్యంతరం మరొకటి కనిపిస్తుంది. జంతువుల సంఖ్యను ఎంత ఉంచాలో జీవశాస్త్రవేత్తలు లెక్కగట్టాలి, దానికి అనుగుణంగా వేటకు అనుమతి ఇవ్వాలి, వేటగాడు డబ్బు కట్టాలి అన్నది దాదాపు వంద ఏళ్లుగా నడుస్తున్న ఒప్పందం. తోడేళ్ల విషయంలో ఆ ఒప్పందాన్ని తమను అడగకుండానే పక్కన పెట్టారన్నది వారి ఫిర్యాదు. మా దృష్టిలో ఎల్క్‌లు అంతరిస్తాయన్న వాదన కంటే ఈ వాదనకే పట్టు ఎక్కువ.

ఒక తోడేలు ఏడాదికి ఎన్ని ఎల్క్‌లను చంపుతుంది?

ప్రాంతాన్ని, మందను, చలికాలాన్ని బట్టి ఇది మారుతుంది. స్థూలంగా ఏడాదికి 15 నుంచి 20 అనుకోవచ్చు. రాష్ట్రంలో 200 తోడేళ్లు స్థిరపడ్డాయనుకుంటే, అవి ఎల్క్‌లనే తింటాయనుకున్నా, ఏటా నాలుగు వేలకు మించవు. కొలరాడోలో ఎల్క్‌లు 2,80,000కు అటూ ఇటూ ఉంటాయి. వేటగాళ్లు ఏటా చంపేవి దాదాపు 40 వేలు. పైగా తోడేలు చంపిన ప్రతి ఎల్క్‌నూ అదనపు నష్టంగా లెక్కించకూడదు. ముసలివి, జబ్బుపడినవి, చలికాలపు చివర్లో చిక్కి శల్యమైనవి ఎలాగూ చచ్చేవే కావచ్చు.

ఈ లెక్క చూపించి చర్చ ముగిసిందనే వన్యప్రాణి ప్రేమికులు ఒక విషయాన్ని దాటేస్తున్నారు. వేటగాడు రాష్ట్రం మొత్తాన్ని వేటాడడు. తండ్రి, తాత వెళ్లిన ఒకే లోయకు ఏటా వెళతాడు. తోడేళ్లు కూడా రాష్ట్రమంతటా సమానంగా పరచుకోవు. ఒక మంద ఒక లోయను పట్టుకుని కూర్చుంటుంది. రాష్ట్రవ్యాప్త సగటు ఏమీ మారకపోయినా ఆ లోయలో వేట దెబ్బతినవచ్చు. అమ్మకానికి పెట్టే లైసెన్సుల సంఖ్యను కూడా ఒక్కో ప్రాంతానికి విడివిడిగా నిర్ణయిస్తారు కనుక, ఆ నష్టం కొందరి మీదనే పడుతుంది.

యెల్లోస్టోన్‌లో ఎల్క్‌లు కూలిపోలేదా?

ఈ వాదనలో యెల్లోస్టోన్ పేరు ఎత్తని పక్షం లేదు. 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను ఆ జాతీయ పార్కులో వదిలారు. అప్పటికి సుమారు 19 వేలు ఉన్న ఉత్తర యెల్లోస్టోన్ ఎల్క్ మంద 2013 నాటికి నాలుగు వేల లోపుకు పడిపోయింది. వేటగాళ్లు చూపించేది ఈ రెండు అంకెలనే, అవి నిజమైనవే.

ఆ రెండు అంకెల మధ్య జరిగినది మాత్రం తిలాపాపం తలా పిడికెడు. పార్కు సరిహద్దు దాటి వచ్చిన ఆడ ఎల్క్‌లను మోంటానా రాష్ట్రం చలికాలంలో పెద్ద ఎత్తున వేటాడనిచ్చింది. అదే కాలంలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు, కొండ సింహాలు (ప్యూమాలు) పెరిగాయి. అనావృష్టి వచ్చింది. పుట్టిన నెల రోజుల్లో చనిపోయిన ఎల్క్ పిల్లల మీద అక్కడ జరిపిన పరిశోధనలో తోడేళ్ల కంటే ఎలుగుబంట్లే చాలా ఎక్కువ పిల్లలను తిన్నట్లు తేలింది. అన్నిటికీ మించి, 19 వేలన్నది ఆ నేల మోయగలిగిన దానికంటే ఎక్కువని పార్కు శాస్త్రవేత్తలే చాలాకాలంగా అంటూ వచ్చారు.

ఇడాహోలోని లోలో ప్రాంతం వేటగాళ్లకు ఇంకాస్త గట్టి ఉదాహరణ. అక్కడ ఎల్క్‌ల పతనం తోడేళ్లు రాకముందే మొదలైంది. అడవి ముసురుకుని మేత తగ్గడం, 1996-97లో వచ్చిన భయంకరమైన చలికాలం అందుకు కారణాలు. కానీ పడిపోయిన మంద మళ్లీ లేవకుండా తోడేళ్లు, ఎలుగుబంట్లు అదిమిపెట్టాయన్నది వేటగాళ్లే కాదు, ఆ రాష్ట్ర జీవశాస్త్రవేత్తలూ చెప్పిన మాట. మరోవైపు వయోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో తోడేళ్లు ఉండగానే మొత్తం ఎల్క్‌ల సంఖ్య అధికారుల లక్ష్యాన్ని మించి ఉంది. వయోమింగ్‌లో అవి లక్షకు పైనే ఉన్నాయి.

కాబట్టి ‘తోడేళ్లు వస్తే ఎల్క్‌లు పోతాయి’ అన్నది అబద్ధం, ‘తోడేళ్లు వస్తే ఏమీ కాదు’ అన్నదీ అబద్ధమే. మేత బాగున్న చోట మంద తట్టుకుంటుంది, ఇప్పటికే కుంటుతున్న చోట తట్టుకోదు. నైరుతి కొలరాడోలో కొన్నేళ్లుగా ఆడ ఎల్క్‌ల సంఖ్యతో పోలిస్తే బతికి బట్టకట్టే పిల్లలు తక్కువగా ఉంటున్నాయి. అటువంటి చోట వేటగాళ్ల భయాన్ని కొట్టిపారేయలేము.

తోడేళ్లు వస్తే అడవి బాగుపడుతుందంటారు కదా?

తోడేళ్లు ఎల్క్‌లను తగ్గిస్తే విల్లో, ఆస్పెన్ చెట్లు చిగురించి, ఏళ్లకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు వచ్చి, ఏళ్ల గట్లు కూడా బలపడ్డాయన్న యెల్లోస్టోన్ కథ 2020 ప్రచారంలో బాగా ఉపయోగపడింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ల పాటు అక్కడే ప్రయోగం చేసి, 2024లో ప్రచురించిన ఫలితాలు ఆ కథ అంత సూటిగా లేదని చెప్పాయి. వేటాడే జంతువులు తిరిగి వచ్చినంత మాత్రాన, దశాబ్దాల పాటు పాడైన ఏటి ఒడ్డు అడవి పూర్వస్థితికి రాలేదు. వేటగాళ్లు ఈ పరిశోధనను తరచుగా ఉదహరిస్తారు. వేటాడే జంతువులను పోగొట్టుకోకపోవడమే మేలు, పోగొట్టుకున్నాక తెచ్చినా నష్టం త్వరగా పూడదు అన్నదే దాని సారాంశం. తోడేళ్లు వద్దని ఆ శాస్త్రవేత్తలు ఎక్కడా అనలేదు.

ఎల్క్‌లు తగ్గకపోయినా వేట కష్టమవుతుందన్న వాదన నిజమేనా?

కొంతవరకు నిజమే. తోడేళ్లు తిరిగే చోట ఎల్క్‌లు బయలు ప్రదేశాలు వదిలి దట్టమైన చెట్లలోకి జరగడం, మందలు కదిలే వేళలు మార్చుకోవడం గమనించారు. సెప్టెంబరులో జతకట్టే కాలంలో మగ ఎల్క్ అరుపు విని దాని దగ్గరికి చేరుకోవడమే విల్లుతో వేటాడేవారి పద్ధతి. ఆ అరుపులు తగ్గాయని ఇడాహో, మోంటానా వేటగాళ్లు చెబుతారు. అయితే తుపాకీ మోతకు బెదిరి ఎల్క్‌లు వేటకు అనుమతి లేని ప్రైవేటు భూముల్లోకి చేరడం తోడేళ్లు రాకముందు నుంచీ కొలరాడోలో ఉన్న పెద్ద తలనొప్పి. ఆ నిందను తోడేళ్ల మీదికి నెట్టడం సరికాదు.

మ్యూల్ డీర్ పరిస్థితి ఏమిటి?

ఎల్క్‌ల కంటే వీటి విషయంలోనే ఎక్కువ ఆందోళన పడాలి. కొత్త ఇళ్లు, రోడ్లు, చమురు బావులు వాటి శీతాకాలపు మేత భూములను ముక్కలు చేశాయి. 2022-23 చలికాలంలో వాయవ్య కొలరాడోలో మంచు విపరీతంగా కురిసి జింకలు, ఎల్క్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి, దానితో ఆ ప్రాంతపు లైసెన్సులను బాగా తగ్గించవలసి వచ్చింది. ఆ దెబ్బ తగిలిన ఏడాదే తోడేళ్లను తెచ్చి వదలడం వేటగాళ్లకు మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్లు అనిపించింది.

ప్రజల ఓటుతో నిర్ణయించడంలో తప్పేముంది?

ప్రజాస్వామ్యంలో తప్పు లేదు. కానీ ఆ ఓటు ఎక్కడ పడిందో చూస్తే గొడవ ఎందుకో తెలుస్తుంది. కొలరాడో జనాభాలో అత్యధికులు డెన్వర్, బౌల్డర్, ఫోర్ట్ కాలిన్స్ వంటి నగరాలున్న తూర్పు కొండవాలున నివసిస్తారు. తోడేళ్లను వదలవలసినది పడమటి కొండవాలున. పడమటి కౌంటీల్లో ఎక్కువ భాగం ప్రతిపాదనను తిరస్కరించాయి, ప్రతిపాదన నెగ్గినది నగరాల ఓట్లతో. తోడేలు ఊళను ఫోనులో వినేవారు ఓటు వేశారని, పెరట్లో వినవలసినవారు ఓడిపోయారని పడమటివారి బాధ.

దీనికి వెనుక మరో చరిత్ర ఉంది. రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ అంతకుముందు పలుమార్లు, చివరిగా 2016 జనవరిలో, తోడేళ్లను తెచ్చి వదలడానికి తాము వ్యతిరేకమని తీర్మానించింది. తమంతట తాము నడిచి వచ్చే తోడేళ్లకు మాత్రం అభ్యంతరం చెప్పలేదు. నిపుణులు కాదన్న దానిని ఓటుతో చేయించారన్న ఆరోపణ ఈ తీర్మానం నుంచే పుట్టింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి: ఆ కమిషన్‌లో వేటగాళ్లకు, పశువుల పెంపకందారులకు స్థానాలు ఉంటాయి కనుక, దానిని తటస్థ శాస్త్రవేత్తల సభగా చిత్రించడం కూడా అతిశయోక్తే.

వేటగాళ్ల భయం తోడేళ్లతో ఆగదు. 1992లో వసంతకాలపు ఎలుగుబంటి వేటను, 1996లో ఉచ్చులను కొలరాడో ఓటర్లే నిషేధించారు. తోడేళ్ల తరువాత తమ వంతేనని వారు అనుకున్నట్లుగానే, 2024 నవంబరులో కొండ సింహాల వేటను నిషేధించే ప్రపోజిషన్ 127 ఓటుకు వచ్చింది. దానిని ఓటర్లు స్పష్టమైన తేడాతో ఓడించారు. నగర ఓటరు ఎప్పుడూ తమకు వ్యతిరేకమేనన్న వేటగాళ్ల నమ్మకం ఆ ఫలితంతో కొంత సడలి ఉండాలి.

తోడేళ్లు వాటంతట అవే వస్తున్నప్పుడు తెచ్చి వదలడం ఎందుకు?

వ్యతిరేకులు అడిగే ప్రశ్నల్లో ఇది గట్టిది. 2020 జనవరిలోనే మొఫాట్ కౌంటీలో ఒక తోడేళ్ల గుంపు కనిపించింది. 2021లో జాక్సన్ కౌంటీలో పిల్లలు కూడా పుట్టాయి, దశాబ్దాల తరువాత కొలరాడో గడ్డ మీద పుట్టిన మొదటి తోడేలు పిల్లలు అవే. ఇవన్నీ వయోమింగ్ నుంచి నడిచి వచ్చిన వాటి సంతతి.

తోడేళ్లను కోరుకునేవారి జవాబు కూడా వయోమింగ్‌లోనే ఉంది. ఆ రాష్ట్రంలో దాదాపు 85 శాతం భూభాగంలో తోడేలును లైసెన్సు లేకుండా, ఏడాది పొడవునా ఎవరైనా కాల్చవచ్చు. యెల్లోస్టోన్ నుంచి కొలరాడోకు రావాలంటే ఆ నేల దాటాలి. కొలరాడోలో స్థిరపడిన ఆ గుంపులోని కొన్ని సరిహద్దు దాటి అటు వెళ్లి చనిపోయాయి కూడా. నడిచి వచ్చే ఒకటీ అరా తోడేళ్లతో నిలకడగల జనాభా ఏర్పడదన్నది పునఃప్రవేశం కోరినవారి వాదన, దాని పరంగా చూస్తే అది సబబే.

తోడేళ్ల ఖర్చు వేటగాళ్ల డబ్బుతోనే పెడుతున్నారా?

సొమ్ము ఒకడిది, సోకు ఒకడిది అన్న కోపం మొదట్లో బాగా ఉండేది. 2021లో శాసనసభ చేసిన చట్టం వేట, చేపల లైసెన్సుల రుసుమును పునఃప్రవేశానికి వాడకుండా నిషేధించింది. డబ్బు ముఖ్యంగా రాష్ట్ర సాధారణ నిధి నుంచి వస్తుంది. పశువులను పోగొట్టుకున్నవారికి ఒక్కో జంతువుకు 15 వేల డాలర్ల వరకు పరిహారం ఇవ్వడానికి 2023లో వేరే నిధి కూడా ఏర్పాటు చేశారు. కాగితం మీద ఇది సరిగానే ఉంది. అయితే ఎల్క్‌లను లెక్కించవలసిన ఉద్యోగులు తోడేళ్ల వెంట తిరుగుతున్నారని, ఆ సమయానికి ఎవరూ ఖరీదు కట్టడం లేదని వేటగాళ్లు అంటారు. అది కొట్టివేయదగిన మాట కాదు. వేటగాడికి మాత్రం పరిహారం అనేదే లేదు. చచ్చిన దూడకు ధర ఉంది, దొరకని ఎల్క్‌కు లేదు.

తోడేళ్లు పెరిగాక వాటిని వేటాడనిస్తారా?

ప్రణాళికలో మూడు దశలు ఉన్నాయి. వరుసగా నాలుగేళ్లు 50 తోడేళ్లు ఉంటే వాటి స్థాయి ‘అంతరించే దశ’ నుంచి ‘ముప్పులో ఉన్నది’గా మారుతుంది. వరుసగా రెండేళ్లు 150 గాని, ఏదో ఒక ఏడాది 200 గాని ఉంటే రాష్ట్ర రక్షణ జాబితా నుంచి తీసివేస్తారు. ముసాయిదాలో నాలుగో దశ కూడా ఉండేది, వేటకు అనుమతించే జంతువుగా తోడేలును గుర్తించే అవకాశం అందులో ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ తరువాత తుది ప్రణాళికలో దానిని తొలగించారు.

ఈ తొలగింపు వేటగాళ్లను ఎంత గాయపరచిందో బయటివారికి తెలియదు. వారి దృష్టిలో ఏ వన్యప్రాణికైనా ఆరోగ్యకరమైన ముగింపు ‘నియంత్రిత వేట’. ఎల్క్‌కు, ఎలుగుబంటికి, కొండ సింహానికి వర్తించిన సూత్రం తోడేలుకు ఎందుకు వర్తించదని అడుగుతారు. ఎదుటివారి అనుమానానికీ ఆధారం లేకపోలేదు. 2021 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రం 119 తోడేళ్ల కోటాతో వేట తెరిస్తే మూడు రోజులు నిండకుండానే 218 తోడేళ్లు చనిపోయాయి. ఆ మూడు రోజులు కొలరాడో వేటగాళ్లకు చేసిన చెడు ఏ తోడేళ్ల సంఘమూ చేయలేదని మా అభిప్రాయం.

వేటగాళ్లందరూ ఒకే మాట మీద ఉన్నారా?

లేరు. తోడేలు తిరిగే అడవిలో వేటాడటమే అసలైన వేట అనేవారు ఉన్నారు. తెచ్చి వదలడం వద్దు గాని నడిచి వస్తే రానివ్వండి అనేవారు వారికంటే ఎక్కువ.

వీరందరిలో వేరుగా చూడవలసినవారు అమెరికా ఆదివాసులైన సదరన్ యూట్ తెగవారు. 1874లో అమల్లోకి వచ్చిన బ్రూనో ఒప్పందం ప్రకారం, తాము వదులుకున్న శాన్ హువాన్ ప్రాంతంలో వేటాడే హక్కు వారికి ఉంది. వారికి ఎల్క్ హక్కుతో కూడిన ఆహారం, సరదా వేట కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని కాల్విల్ తెగల సమాఖ్య కొలరాడోకు తోడేళ్లను ఇవ్వడానికి మొదట ఒప్పుకుని, సదరన్ యూట్‌ల ఆందోళనలను కొలరాడో పట్టించుకోలేదంటూ 2024లో వెనక్కి తగ్గింది. నగరాల ఓటర్లకు, వేటగాళ్లకు మధ్య తగవుగా మాత్రమే ఈ వివాదాన్ని చెప్పేవారు ఈ అధ్యాయాన్ని సాధారణంగా వదిలేస్తారు.

జింకల జబ్బును తోడేళ్లు అరికడతాయా?

జింకల మెదడును తినివేసే దీర్ఘకాలిక క్షీణత వ్యాధిని 1967లో మొదట గుర్తించినది కొలరాడోలోనే, ఫోర్ట్ కాలిన్స్‌లోని పరిశోధన ఆవరణలో. జబ్బుపడిన జింకలను తోడేళ్లు ముందుగా ఏరివేస్తాయి కనుక వ్యాధి తగ్గవచ్చన్న ఊహ తర్కబద్ధంగా ఉంది. పెద్ద ప్రాంతంలో అది నిరూపణ కాలేదు. ఈ ఒక్క ఊహ చూపించి వేటగాళ్లను ఒప్పించాలనుకోవడం వృథా.

వేటగాళ్లకు, వారి కుక్కలకు ప్రమాదం ఉందా?

2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ వార్తలు చదివిన మన పాఠకులకు తోడేలు అంటే పిల్లలను ఎత్తుకుపోయే జంతువు. ఉత్తర అమెరికాలో మనుషుల మీద తోడేళ్ల దాడులు అత్యంత అరుదు. కుక్కల విషయం వేరు. కొలరాడోలో కొండ సింహాలను వేటకుక్కలతో తరిమి చెట్టెక్కిస్తారు. గుంపుకు దూరంగా మొరుగుతూ పరుగెత్తే కుక్కను తోడేళ్లు తమ ఇలాకాలోకి చొరబడిన శత్రువుగా చూస్తాయి. విస్కాన్సిన్‌లో ఎలుగుబంటి వేటకుక్కలు ఇలా చాలానే చనిపోయాయి. ఈ భయానికి ఆధారం ఉంది.

ప్రస్తుతం కార్యక్రమం ఎక్కడ ఆగింది?

ఒడిదుడుకుల్లోనే ఉంది. ఆరెగాన్ నుంచి తెచ్చిన వాటిలో పశువుల మీద దాడి చేసిన గుంపుల తోడేళ్లు కూడా ఉండటం మొదటి తప్పటడుగు. 2024 ఏప్రిల్‌లోనే దూడల మరణాలు మొదలయ్యాయి. గ్రాండ్ కౌంటీలో పిల్లలను కన్న కాపర్ క్రీక్ గుంపును ఆ ఏడాది పట్టి బంధించారు. పట్టుకునేనాటికే గాయపడి ఉన్న మగ తోడేలు నిర్బంధంలో చనిపోయింది, దాని శరీరంలో తూటా గాయం బయటపడింది. ఎవరు కాల్చారన్నది పక్కన పెడితే, ఇలాంటి ఒక్కో తూటా వేటగాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి చెబుతున్న ‘మేము చట్టానికి కట్టుబడినవాళ్లము’ అన్న మాట విలువను తగ్గిస్తుంది.

మోంటానా, ఇడాహో, వయోమింగ్ రాష్ట్రాలు తోడేళ్లను ఇవ్వబోమని ముందే చెప్పాయి. 2025 అక్టోబరులో కేంద్ర వన్యప్రాణి విభాగం కెనడా నుంచి తేవడానికి వీలులేదని రాష్ట్రానికి తెలియజేసింది. ఓటుతో వచ్చిన చట్టం అలాగే ఉంది, వదలడానికి తోడేళ్లు దొరకడమే కష్టమైంది.

వేటకు వెళ్లినప్పుడు తోడేలు ఎదురైతే ఏం చేయాలి?

కాల్చకూడదు. అక్రమంగా తోడేలును చంపితే లక్ష డాలర్ల వరకు జరిమానా, జైలు శిక్ష, వేట లైసెన్సు రద్దు ఉంటాయి. పశువుల మీద దాడి చేస్తూ పట్టుబడిన తోడేలును యజమాని చంపడానికి 2023 నాటి కేంద్ర నిబంధన కింద మినహాయింపు ఉంది. ఎల్క్‌ను తరుముతున్న తోడేలును చంపడానికి వేటగాడికి అటువంటి మినహాయింపు లేదు.

కొలరాడోలో కొయోటీ అనే చిన్న అడవి కుక్కను ఏడాది పొడవునా వేటాడవచ్చు, పొరపాట్లు జరిగేది అక్కడే. కొయోటీ బరువు సాధారణంగా 20 కిలోల లోపే ఉంటుంది, ముట్టె సన్నగా, చెవులు కోసుగా ఉంటాయి. తోడేలు దానికి రెండింతల పైన బరువు తూగుతుంది, తల వెడల్పుగా, చెవులు గుండ్రంగా, కాళ్లు పొడవుగా ఉంటాయి. మెడకు రేడియో పట్టీ కనిపిస్తే అనుమానమే అక్కరలేదు, కానీ కొలరాడోలో పుట్టిన వాటన్నిటికీ పట్టీలు ఉండవు. దూరం నుంచి తేల్చుకోలేకపోతే తుపాకీ దించి, చూసిన చోటును, సమయాన్ని రాష్ట్ర వన్యప్రాణి సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి.